తాగే ఇంట్లో పొయ్యి ఆరనివ్వని తల్లులు

కూలి డబ్బు కంటే చేటలో గింజే దిక్కు - దూబగుంట నేర్పిన పాఠం నేటికీ పాతబడలేదు

నెల్లూరు: దీపాలు పెట్టే వేళ. చిల్లరకొట్టు ముందు ఎనిమిదేళ్ళ పిల్ల స్టీలు గిన్నె పట్టుకొని నిలబడి ఉంటుంది. "మామా, అరకిలో బియ్యం, పది రూపాయల నూనె ఇమ్మంది అమ్మ. రేపు కూలి రాగానే ఇస్తుందంట" అంటుంది. కొట్టు యజమాని పద్దు పుస్తకం తిరగేసి, పాత బాకీ చూసి, పిల్ల ముఖం చూసి, చివరికి బియ్యం కొలుస్తాడు. అదే వేళకు ఆ పిల్ల నాయన ఊరి చివర బెల్టు షాపు అరుగు మీద ఉంటాడు. అక్కడ అరువు లేదు. రొక్కం పెడితేనే సీసా.

సముద్రపు ఒడ్డున ఉన్న పట్టపుపాలేల నుంచి కలిగిరి, ఉదయగిరి మెట్ట పల్లెల దాకా ఈ దృశ్యం ఎరగనివారు జిల్లాలో అరుదు. తాగే మనిషి ఉన్న ఇంట్లో తిండికి కటకట రావడం చాలాసార్లు సంపాదన లేక కాదు, ఆ సంపాదన గడప తొక్కక. అందుచేత అటువంటి ఇంటి ఇల్లాలు చౌకగా వండడం కంటే ముందు మరొక విద్య నేర్వవలసి వస్తున్నది. తిండి గింజను, తిండి డబ్బును తాగే చేతికి అందకుండా కాపాడుకోవడమే ఆ విద్య. దీనిని రాష్ట్రమంతటికీ నేర్పినవారు నెల్లూరు జిల్లా ఆడపడుచులే.

ఒక సీసా - ఒక నెల గ్రాసం

ఐదుగురున్న కూలి కుటుంబాన్ని లెక్కకు తీసుకుందాం. రోజుకు రెండు కిలోల చొప్పున నెలకు 60 కిలోల బియ్యం కావాలి. రేషను కార్డుపై మనిషికి 5 కిలోల లెక్కన 25 కిలోలు వస్తాయి. మిగిలిన 35 కిలోలు బజారులో కొనాలి. కిలో 45 రూపాయలు వేసుకుంటే 1,575 రూపాయలు. మూడు కిలోల కందిపప్పుకు 450, మూడు ప్యాకెట్ల నూనెకు మరో 450. పిల్లలకు నెలకు 70 కోడిగుడ్లు, ఒక్కొక్కటి ఏడు రూపాయల చొప్పున 490. మొత్తం 2,965 రూపాయలు.

2024 అక్టోబరులో రాష్ట్రంలో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడు 99 రూపాయలకే క్వార్టర్ సీసా అమ్మకానికి పెట్టారు. రోజుకు ఒక్క సీసాతో సరిపెట్టుకునే మనిషికి నెలకు అయ్యే ఖర్చు 2,970 రూపాయలు. అంటే ఐదుగురి బియ్యం, పప్పు, నూనె, గుడ్లు అన్నీ ఆ సీసాలోనే ఉన్నాయి. పైన ఐదు రూపాయలు మిగులు కూడా.

బజారు ధరలు వారం వారం మారవచ్చు. ఒక సీసాతో ఆగేవారు ఎందరన్నది వేరే సంగతి. బెల్టు షాపులో సీసాకు పైన వేసుకునే పదో పరకో, నంజుకునే చిరుతిండి, మర్నాడు తల తిరిగి పోగొట్టుకునే కూలి ఈ లెక్కలో చేరలేదు.

పొయ్యి దగ్గర పుట్టిన పోరు

ఈ లెక్క 1990 దశకం మొదట్లోనే జిల్లా స్త్రీలకు కంఠతా వచ్చింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. ఆ దశకంలోనే వారుణవాహిని పేర సర్కారు సారా ఊరూరా చేరింది. పొట్లాల్లో రావడంతో సారా జేబులో పెట్టుకొని పొలానికి తీసుకుపోయే సరుకైంది. చౌక బియ్యంతో ఇంటికి మిగిలిన రూపాయలు సారా పొట్లం వెంట తిరిగి వెళ్ళిపోయేవి. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర అబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ కోట్లలో కూలి ఇళ్ళ బువ్వ డబ్బు ఎంత ఉన్నదో ఏ పద్దులోనూ రాయలేదు.

1991 జనవరిలో జిల్లాలో అక్షరదీపం పేర సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా పొలం పని చేసి వచ్చిన స్త్రీలు రాత్రి పలకలు పట్టుకొని కూర్చున్నారు. తాగుబోతు భర్తతో అగచాట్లు పడిన సీతమ్మ కథ వారి వాచకంలో పాఠం. ఆ పాఠం చదివినవారికి అది పాఠంలా కాక తమ ఇంటి గోడులా తోచింది. రాత్రి బడిలో అక్షరాలతో పాటు మాట్లాడుకోవడం అలవాటైంది. ఎవరి ఇంట్లో వారు గుట్టుగా పడుతున్న బాధ అందరి ఇళ్ళలోనూ ఉన్నదని అక్కడే తెలిసింది.

కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు ముందుగా కదిలారు. వర్ధినేని రోశమ్మ వారికి ముందు నిలిచారు. కల్లు బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. సారా తెచ్చిన జీపును వెనక్కి తిప్పి పంపారు. ఊళ్ళో సారా దుకాణం మూతపడింది. ఆ ఊరి కథే తర్వాతి వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై జిల్లాలోని రాత్రి బడులన్నిటికీ వెళ్ళింది. ఊరూరా చీపుర్లు, కారప్పొడి పట్టుకొని ఆడవారు సారా దుకాణాల ముందు నిలబడ్డారు. తోట్లచెరువుపల్లిలో మగవారు తాగుడు మానలేదని రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఆకలి అంటే ఏమిటో తాగేవారికి కూడా తెలియాలన్నది వారి పట్టుదల.

1992లో జిల్లా సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. అయితే 1997లో నిషేధాన్ని సడలించారు. సారా పొట్లం పోయి బ్రాందీ సీసా వచ్చింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు. దూబగుంట రోశమ్మ అంటే నేటికీ జిల్లాలో తెలియని ఇల్లు లేదు.

రూపాయి దాచే సంఘం

సారా పోయిన వెంటనే స్త్రీలు వేసిన రెండో అడుగు సారా పోరు కంటే తక్కువదేమీ కాదు. తాగుడుకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. అదే పొదుపులక్ష్మి. ఇంట్లో బియ్యం డబ్బాలోనో, చీర మడతలోనో దాచిన రూపాయిని తాగే మనిషి వెతికి తీసుకుంటాడు. ఇవ్వకపోతే కొడతాడు. సంఘంలో వేసిన రూపాయి మీద పది మంది కళ్ళు ఉంటాయి. దానిని అడగాలంటే పది మందిలోకి రావాలి. ఒంటరిగా దాచడానికి, కలిసి దాచడానికి ఉన్న భేదం ఇదే. నేడు ఊరూరా ఉన్న డ్వాక్రా సంఘాలకు జిల్లాలో పునాది అక్కడ పడింది.

నేటి తల్లులు తిండి డబ్బును కాపాడుకునే పద్ధతులు కూడా ఈ పాఠంలోంచి వచ్చినవే. చేతికి కూలి అందిన వెంటనే, చీకటి పడకముందే సరుకు కొనడం మొదటిది. రొక్కం రాత్రి దాకా ఇంట్లో ఉంటే నిలవదు. బియ్యం, పప్పు ఇంట్లోకి వచ్చాక వాటిని అమ్ముకోవడానికి తాగే మనిషి కూడా కొంచెం వెనకాడతాడు. ఆ పాటి జంకు కూడా లేని ఇళ్ళలో బియ్యం మూట పుట్టింటివారి దగ్గరో, నమ్మకమైన పొరుగింటి అక్క దగ్గరో ఉంచి, రోజుకు కావలసినంత కొలిచి తెచ్చుకుంటున్నారు. ఇది సిగ్గుపడవలసిన పని కాదు. గింజకు కాపలా కాయడమే.

రెండోది చట్టం ఇచ్చిన హక్కు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం రేషను కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామె పేరే ఉండాలి. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు, మిగిలిన కార్డులపై మనిషికి 5 కిలోలు ఇవ్వాలి. 2023 జనవరి నుంచి ఈ గింజలు ఉచితం. కనుక నెలనెలా బియ్యం తీసుకునే వేలిముద్ర ఇల్లాలిదే కావడం మేలు. బియ్యాన్ని దుకాణం నుంచి దారిలోనే అమ్మేసి సీసా తెచ్చుకునే అవకాశం అప్పుడు ఉండదు.

మూడోది బ్యాంకు ఖాతా. ఇల్లాలి కూలి, సంఘం డబ్బు ఆమె ఒక్కతె పేర ఉన్న ఖాతాలోకే రావాలి. కార్డు, రహస్య సంఖ్య మరొకరి చేతిలో పెట్టరాదు. 2005 గృహహింస నిరోధక చట్టం కొట్టడం, తిట్టడంతో పాటు ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా మాడ్చడాన్ని కూడా హింసగానే లెక్కగట్టింది. దానిని ఆర్థిక హింస అన్నది. ఈ సంగతి చాలామంది ఇల్లాళ్ళకు తెలియదు.

తీరంలో రెండు నెలల కష్టం

సముద్రపు ఒడ్డున ఈ బాధకు ఒక రుతువు కూడా ఉన్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిలిపివేస్తారు. వేటకు పోని మనిషికి చేతినిండా తీరిక, చేతిలో డబ్బు లేమి. తాగుడు మాత్రం ఆగదు. 2025లో వేట నిషేధ భృతిని 20,000 రూపాయలకు పెంచారు. పడవ మీద పని చేసే మనిషి ఖాతాలోనే ఆ డబ్బు పడుతుంది. అది పడిన రోజున ఇంటికి వచ్చేది బియ్యం బస్తానా, సీసాలా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి రెండు నెలలు గడుస్తాయి.

ముందుచూపు ఉన్న తల్లులు వేట సాగే రోజుల్లోనే నెత్తళ్ళు, సావిళ్ళు ఉప్పు పట్టించి, ఎండబెట్టి కుండల్లో దాస్తారు. చింతపండు పులుసులో గుప్పెడు ఎండు నెత్తళ్ళు వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. నెత్తళ్ళను ముల్లుతో సహా నమిలి తింటారు కాబట్టి మాంసకృత్తులతో పాటు ఎముకకు కావలసిన సున్నం కూడా అందుతుంది. తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మే ఆడవారి చేతిలో రోజూ ఆడే రొక్కమే ఆ రెండు నెలలూ ఇంటికి ఆధారం.

చౌకలో సత్తువ

గింజ ఇంట్లో నిలిచాకే వంట మాట. తక్కువ ఖర్చుతో సత్తువ ఇచ్చే తిండి పల్లెకు కొత్తది కాదు. బియ్యాన్ని అయిదారు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తే అందులోని విటమిన్లు కాలువ పాలవుతాయి. ఒకటి రెండు సార్లు కడిగి, నీళ్ళు సరిపెట్టి అత్తెసరుగా వండుకుంటే ఖర్చు లేకుండానే బలం నిలుస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, ఉదయం మజ్జిగ, ఉల్లిపాయతో పిల్లలకు పెట్టే చద్దన్నం అంగడి టిఫిన్ కంటే తక్కువైనదేమీ కాదు.

మెట్ట ప్రాంతపు రాగి సంగటిని పేదవాడి తిండి అని చిన్నచూపు చూస్తారు. రాగుల్లోని కాల్షియం బియ్యంలో ఉన్నదానికి ముప్పై రెట్లకు తక్కువ కాదు. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పశువుకు పెట్టే ఉలవలను ఉడికించి గుగ్గిళ్ళుగా పిల్లలకు, ఉడికిన నీళ్ళతో చారు పెద్దలకు సరిపెట్టవచ్చు. పెరట్లో మునగచెట్టు ఉంటే పప్పులో గుప్పెడు ఆకు వేయడానికి పైసా ఖర్చు లేదు. గట్ల మీద దొరికే పొన్నగంటి కూర, తోటకూర, గోంగూర కూడా అంతే. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదానిలోని లోటు రెండోది తీరుస్తుంది.

కష్టమల్లా కొనుగోలులో ఉన్నది. రోజుకు పది రూపాయల నూనె, ఐదు రూపాయల పప్పు చొప్పున కొనే ఇల్లు, నెలకు ఒకసారి కొనే ఇంటి కంటే ఎక్కువ ధర పెడుతున్నది. పేదవాడికే సరుకు ప్రియం. సంఘంలో నలుగురు కలిసి ఒక బస్తా బియ్యం, ఒక డబ్బా నూనె తెచ్చి పంచుకుంటే ఈ నష్టం తప్పుతుంది.

ఇంతా చేసి అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలినది తల్లి తింటున్నది. మిగలకపోతే మంచినీళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. కూలికి పోయేదీ, వండేదీ, గింజను కాపాడేదీ ఆమే అయిన ఇంట్లో ఆమె పడిపోతే పొయ్యి ఆరినట్లే. తల్లి ముందుగా తినడం స్వార్థం కాదు.

పెద్దపిల్ల బడి మానితే

తాగేది తండ్రి అయినా, కొన్ని ఇళ్ళలో తల్లి అయినా, ఆ భారం చివరికి పెద్దపిల్ల మీద పడుతున్నది. తమ్ముళ్ళకు వండిపెట్టడానికి ఆమెను బడి మాన్పిస్తున్నారు. దీనివల్ల ఖర్చు తగ్గుతుందనుకోవడం పొరపాటు. రాష్ట్రంలోని సర్కారు బడుల్లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. నేడు గుడ్డు కూడా పెడుతున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ భోజనం ఉన్నది. పిల్ల బడి మానిన రోజున ఆ ఇంటికి ఒక పూట భోజనం పోయి, ఒక నోరు పెరుగుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పాలు, గుడ్లు అందుతాయి. ఇవేవీ తాగే మనిషి చేతి మీదుగా రావు. నేరుగా బిడ్డ నోటికి వెళ్ళే తిండి ఇది. దీనిని వదులుకోరాదు.

చేయి చేసుకునే తండ్రి ఉన్న ఇంట్లో పిల్లలు 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు.

తాగే మనిషిదీ జబ్బే

తాగే మనిషిని ఇంట్లోంచి వేరు చేసి చూడడం కూడా న్యాయం కాదు. ఏళ్ళ తరబడి తాగినవాడికి అది అలవాటును దాటి జబ్బవుతుంది. తిట్టినా, ఒట్టు వేయించినా, తాయెత్తు కట్టినా మానలేకపోవచ్చు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్లుండి మానేస్తే చేతులు వణికి, ఫిట్లు వచ్చి, మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. కనుక మానే పని వైద్యుని దగ్గరే మొదలు కావాలి. తాగుడు మాన్పిస్తామంటూ అమ్మే పొడులు, మాత్రలు మనిషికి చెప్పకుండా కూరలో కలిపి పెట్టడం ప్రమాదకరం. కొన్ని మాత్రలు మద్యంతో కలిస్తే గుండెకే ముప్పు. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. అనుమతి లేని బెల్టు షాపు ఏ ఊళ్ళో ఉన్నదో ఆ ఊరి పిల్లలకు కూడా తెలుసు. అబ్కారీ అధికారులకు మాత్రం తెలియదనుకోవడం కష్టం. గ్రామసభలో తీర్మానం చేసి, పది మంది సంతకాలతో అర్జీ ఇచ్చి, దాని వెంటపడడం సంఘాల స్త్రీలకు తెలిసిన పనే. రేషను కార్డులో ఇల్లాలి పేరు ఇంటి పెద్దగా ఉన్నదో లేదో సచివాలయంలో ఒకసారి చూసుకోవాలి. మత్స్యకారుల భృతి విడుదలైన వారంలో ఆ పాలేల్లో బెల్టు షాపుల మీద నిఘా పెడితే ఎన్నో ఇళ్ళలో రెండు నెలల గ్రాసం నిలుస్తుంది.

మొదట వేసిన లెక్కలో సీసా డబ్బులోంచి నెల గ్రాసం పోగా ఐదు రూపాయలు మిగిలాయి. పొదుపులక్ష్మి తొలినాళ్ళ లెక్కలో అది ఐదు రోజుల పొదుపు. దూబగుంట అక్కలు అంతకంటే తక్కువతో, ఒక్క రూపాయితో మొదలుపెట్టారు. గిన్నె పట్టుకొని కొట్టు ముందు నిలబడ్డ పిల్ల రేపటి నుంచి బడి సంచీ పట్టుకోవాలంటే, ఆమె తల్లి ఒంటరిగా కాక పది మందితో కలిసి ఆ గింజను కాపాడుకోవాలి.